ఈనాడు జిల్లా ఎడిషన్: మా ఇంట్లో ముందు చదివేది ఇదే

పేపర్ రాగానే మెయిన్ ఎడిషన్ పక్కన పెట్టి జిల్లా ఎడిషన్ కోసమే పోటీ పడతాం. 1974లో విశాఖలో మొదలైన ఈనాడు 1989లో జిల్లాకో చిన్న పేపర్ తెచ్చాక, కుళాయి రాని వీధి, గుంతలు పడ్డ రోడ్డు, యార్డులో మిర్చి ధర కూడా వార్తలయ్యాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడితే, ఆ కబురు ఊరూరా చేరడంలో ఈ పత్రిక పాత్ర చాలా పెద్దది, మరుసటి ఏడాది అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది కూడా. మా పెద్దమ్మ మాత్రం ముందు శ్రద్ధాంజలి ప్రకటనలే చూస్తుంది, తెలిసినవాళ్లుంటే వెంటనే ఫోన్ చేస్తుంది. ఏ పేపరైనా సరే, నాయకుల పుట్టినరోజు ఫొటోలు తగ్గించి మండల విలేకరికి సరైన జీతమిస్తే ఇంకా మంచి వార్తలొస్తాయి. జిల్లాలో ఉండేవాళ్లయితే తప్పకుండా వేయించుకోండి.