దువ్వెనకు డెటాలా, స్పిరిట్టా, బ్లీచింగా?

తిరుపతిలో కటింగ్ షాపులు నడిపేవాళ్ళు ఎక్కువగా అడిగేది ఇదే: తామర ఉన్న తలకు వాడిన సామాను దేంతో శుభ్రం చేయాలి? కొండ మీద గుండు చేయించుకుని దిగివచ్చే తలల మీద సన్నటి గాట్లుంటాయి. వాటిలోంచి చీము పొక్కుల క్రిములు సులువుగా దూరతాయి. అందుకే ఈ ఊళ్ళో ఈ టెన్షన్ న్యాయమైనదే.

డెటాల్ చౌక, వాసన చూసి కస్టమర్‌కి నమ్మకం కూడా కలుగుతుంది. కానీ మగ్గులో నాలుగు చుక్కలు వేసి, వెంట్రుకలు తేలే ఆ నీళ్ళలోనే రోజంతా దువ్వెనలు ముంచితే పని జరగదు. తామర బీజాలు రాలిన వెంట్రుక ముక్కల్లో నెలల తరబడి బతికే ఉంటాయి. మురికి ఉన్నచోట ఏ మందూ లోపలిదాకా పోదు.

నా దృష్టిలో అసలు తేడా ఇక్కడే వస్తుంది. ముందు బ్రష్‌తో వెంట్రుకలు దులిపి, సబ్బునీళ్ళతో కడగాలి. ఆ తర్వాత ఎంతసేపు నాననిచ్చామన్నది చూడాలి. స్పిరిట్‌కి ఇబ్బంది అదే, తుడిచిన నిమిషంలోపే ఆరిపోతుంది. 70 శాతం ఆల్కహాల్ ఉన్నది కొని, కత్తెరలు మునిగేలా పోసి ఉంచితే మంచిదే. 99 శాతానిది ఎక్కువ పనిచేస్తుందనుకుంటారు గానీ, క్రిమిని చంపడానికి అందులో కొంత నీరు ఉండాల్సిందే.

ప్లాస్టిక్ దువ్వెనలకు, ట్రిమ్మర్ గార్డులకు నేను బ్లీచింగ్ నీళ్ళే వాడమంటాను. 5 శాతం బ్లీచింగ్ ద్రావణం (సోడియం హైపోక్లోరైట్) ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి, 10 నిమిషాలు నానబెట్టి, మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టాలి. ఏ రోజు నీళ్ళు ఆ రోజే కలుపుకోవాలి. బాత్రూం కడిగే యాసిడ్ మాత్రం దగ్గరికి కూడా రానివ్వకండి, విషవాయువు వస్తుంది. బ్లీచింగ్‌లో ఇనుము తుప్పు పడుతుంది కాబట్టి కత్తెర, ట్రిమ్మర్ పళ్ళకు స్పిరిట్ వాడండి.

పేల దువ్వెనకైతే 54 డిగ్రీలు దాటిన వేడినీళ్ళలో పది నిమిషాలు చాలు. నీలంరంగు యూవీ పెట్టె కడిగిన సామాను దాచుకోవడానికి పనికొస్తుంది, అంతే. వెలుతురు పడని పక్క అలాగే ఉంటుంది.

బ్లేడు విషయంలో పోలికే లేదు. తలకొకటి కొత్తది వాడాలి. ఎండిన రక్తంలో హెపటైటిస్ బి వైరస్ వారం రోజులైనా బతికే ఉంటుంది.