బస్సు డీజిల్ ఇంజన్‌కి ఏది మేలు: కోడ్ రీడరా, ల్యాప్‌టాప్ అడాప్టరా?

చెక్ ఇంజన్ లైటు వెలగ్గానే చాలామంది లోపాల కోడ్ చదవడానికి కార్లకు వాడే చిన్న బ్లూటూత్ రీడర్ కొనేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. పెద్ద బస్సుకి గుండ్రటి సాకెట్ ఉంటే, దానికి ఆ ప్లగ్గు పట్టదు. పైగా బస్సు బ్యాటరీ 24 వోల్టులైతే, 12 వోల్టులకే చేసిన రీడర్ కాలిపోవచ్చు.

కొనేముందు సాకెట్ చూడండి. 6 పిన్నులుంటే ఇంజన్ కంప్యూటర్‌తో మాట్లాడే పాత జే1708 పద్ధతి. 9 పిన్నులుంటే జే1939. అందులో నల్లది 250 కిలోబిట్ల వేగానిది, పచ్చది 500ది. నల్ల ప్లగ్గు పచ్చ సాకెట్‌లో దూరదు, పచ్చ ప్లగ్గు మాత్రం రెండింటికీ పడుతుంది.

ఒకటి రెండు బస్సులున్నవాళ్లకు నేను చెప్పేది హెవీ డ్యూటీ కోడ్ రీడరే. అది చూపించే రెండు అంకెలు చదవడం వస్తే సగం టెన్షన్ పోతుంది: ఎస్‌పీఎన్ అంటే ఏ భాగంలో తేడా ఉందో, ఎఫ్‌ఎంఐ అంటే ఎలాంటి తేడానో. ఎస్‌పీఎన్ 100 అంటే ఆయిల్ ప్రెజర్. పక్కన ఎఫ్‌ఎంఐ 1 ఉంటే ప్రెజర్ బాగా పడిపోయిందని అర్థం, వెంటనే ఇంజన్ ఆపాలి. ఎఫ్‌ఎంఐ 4 ఉంటే సెన్సర్ సర్క్యూట్‌లో వోల్టేజీ తక్కువగా వస్తోందని. అప్పుడు ముందు చూడాల్సింది వైరింగు, సెన్సర్. ఈ తేడా తెలియక ఆయిల్ పంపు విప్పితే రోజంతా వృథా.

ల్యాప్‌టాప్ అడాప్టర్ అంటే బస్సు సాకెట్‌ని ల్యాప్‌టాప్‌కి కలిపే పరికరం. అది కోడ్ చదవడమే కాదు, ఇంజన్‌తో పని కూడా చేయిస్తుంది. ఇంజన్ తిరుగుతుండగా ఇంజెక్టర్లను ఒక్కొక్కటిగా ఆపి చూడొచ్చు. దేన్ని ఆపినప్పుడు తేడా రాదో ఆ సిలిండరే బలహీనం. పొగ గొట్టం ఫిల్టర్‌లో పేరుకున్న మసిని కాల్పించడం, కొత్త ఇంజెక్టర్ కోడ్‌ని ఇంజన్ కంప్యూటర్‌లో ఎక్కించడం కూడా దీంతో చేయొచ్చు. ఆర్‌పీ1210 ప్రమాణానికి సరిపోయేదే తీసుకోండి, వేర్వేరు కంపెనీల సాఫ్ట్‌వేర్‌తో నడుస్తుంది. అసలు ఖర్చు ఆ సాఫ్ట్‌వేర్ లైసెన్సుదే, అందుకే షెడ్డులో బస్సులు ఎక్కువున్నవాళ్లకే ఇది గిట్టుబాటు.

ఏది కొన్నా పక్కన మల్టీమీటర్ ఉండాల్సిందే. రీడర్ ఇంజన్‌తో అసలు మాట్లాడకపోతే కరెంటు పూర్తిగా ఆపి, 9 పిన్నుల సాకెట్‌లో సీ, డీ పిన్నుల మధ్య ఓములు చూడండి. 60 దగ్గర చూపిస్తే డేటా లైను బాగున్నట్టే. 120 చూపిస్తే చివర్లలో ఉండే రెండు రెసిస్టర్లలో ఒకటి పోయి ఉండాలి, లేదా మధ్యలో తీగ తెగి ఉండాలి.