మిల్టన్ లాటిన్ ఉత్తరాలు: 15వ ఉత్తరం కోసమైనా కొనొచ్చు

17వ శతాబ్దపు ఇంగ్లీషు కవి జాన్ మిల్టన్ స్నేహితులకు లాటిన్‌లో రాసుకున్న ఉత్తరాల ఇంగ్లీషు అనువాదం ఇది. ఆన్‌లైన్‌లో 400 చిల్లర పెట్టి తెప్పించుకున్నాను. ముందు అచ్చు సంగతి చెప్పేస్తాను. పాత పుస్తకాన్ని స్కాన్ చేసి వేసిన రీప్రింట్, కొన్ని పేజీల్లో అక్షరాలు వెలిసిపోయాయి, ఒక్క ఫుట్‌నోట్ కూడా లేదు. దాంతో హోల్‌స్టేనియస్ ఎవరు, ఫిలారస్ ఎవరు అని ప్రతిసారీ ఫోన్ తీసి వెతుక్కోవాల్సి వచ్చింది (మొదటాయన, మిల్టన్ రోమ్ వెళ్ళినప్పుడు వాటికన్ పుస్తకాలు, గ్రీకు చేతిరాత ప్రతులు దగ్గరుండి చూపించిన పండితుడు). అచ్చుకు రెండు స్టార్లు.

లోపలున్న సరుకుకు మాత్రం అయిదూ ఇస్తాను.

మొత్తం 31 ఉత్తరాలు. 1674లో, మిల్టన్ చనిపోయిన ఏడాదే అచ్చయ్యాయి. ప్రభుత్వం తరఫున రాసిన ఉత్తరాలు కూడా కలిపి వేద్దామనుకున్నారు గానీ అనుమతి రాలేదు, అందుకని కాలేజీ రోజుల ప్రసంగాలు చేర్చి పుస్తకం నింపారు. మొదట్లో గురువులకు రాసినవి కాస్త మర్యాదల బరువుతో సాగుతాయి, నేను త్వరగా తిప్పేశాను. 1637లో చిన్ననాటి స్నేహితుడు చార్లెస్ డియోడాటికి రాసినది అలా కాదు. ఏం ఆలోచిస్తున్నావని అడిగావు కదా, నీ చెవిలో చెబుతాను, అమరత్వం గురించి ఆలోచిస్తున్నా, రెక్కలు మొలుస్తున్నాయి అంటాడు. అప్పటికి వయసు 28. మరుసటి ఏడాదే ఆ స్నేహితుడు పోయాడు. ఇది తెలిసి చదివితే గొంతు పట్టేస్తుంది.

ఇక 15వ ఉత్తరం. 1654 సెప్టెంబరులో ఏథెన్స్‌వాడైన ఫిలారస్‌కి రాసింది. అప్పటికి మిల్టన్‌కు చూపు పూర్తిగా పోయింది. పారిస్‌లో ఒక కంటి డాక్టరున్నాడు, లక్షణాలన్నీ రాసి పంపు, చూపిస్తాను అన్నాడు ఫిలారస్. మిల్టన్ ఓపికగా మొదటి నుంచీ చెప్పుకొస్తాడు: దాదాపు పదేళ్ళ కిందట చూపు మందగించడం, పొద్దున్నే చదవబోతే కళ్ళు నొప్పెట్టడం, దీపం చుట్టూ ఇంద్రధనుస్సులా కనబడటం, ముందు ఎడమ కన్ను మసకబారడం, ఇంకా కొంచెం చూపున్న రోజుల్లో పడుకుని అటో ఇటో ఒత్తిగిల్లితే మూసిన రెప్పల్లోంచి వెలుగు చిమ్మడం, ఇప్పుడు బూడిద కలిసిన నలుపు. ఏడుపు లేదు, దాపరికం లేదు. మా ఇంట్లో పెద్దాయనకు గ్లకోమా వచ్చినప్పుడు ఆయనా లైట్ల చుట్టూ రంగులు కనిపిస్తున్నాయనే చెప్పాడు, మేం చాలా రోజులు పట్టించుకోలేదు. ఆ పేరా దగ్గర పుస్తకం మూసి కాసేపు అలా కూర్చుండిపోయాను.

చివరి ఉత్తరం 1666 ఆగస్టుది. ముందటేడు లండన్‌లో ప్లేగు, మిల్టన్ పోయాడని పుకారు పుడితే హైమ్‌బాక్ అనే మిత్రుడికి బతికే ఉన్నానని జవాబు రాయించాడు. తప్పులుంటే ఈ రాసే పిల్లాడివి అనుకో, వాడికి లాటిన్ అస్సలు రాదు, ఒక్కో అక్షరం చెప్పి రాయించాల్సి వస్తోంది అంటూ ముగిస్తాడు. మరుసటి ఏడాదే ఆయన మహాకావ్యం పారడైజ్ లాస్ట్ అచ్చయింది.

కొనేవాళ్ళు నోట్స్ ఉన్న ఎడిషన్ చూసుకుని తీసుకోండి, వంద ఎక్కువైనా పర్వాలేదు. చదవడం 15తో మొదలుపెట్టి, 31 చదివి, తర్వాత వెనక్కి డియోడాటి దగ్గరికి రండి.