అరకు చలి, బొబ్బిలి మైనం

పోయిన చలికాలం నవంబర్ నుంచి సంక్రాంతి దాకా నేను ఇంట్లో లేను. నా వీణ ఆల్బమ్‌లో ఎనిమిది పాటలకి ఐదు రికార్డయ్యాయి, మూడు మిగిలాయి. హైదరాబాద్‌లో మా పక్క ప్లాట్‌లో బోరు వేస్తున్నారు, పై ఫ్లోర్‌లో టైల్స్ కోస్తున్నారు. అరకు పోతే చలి, నిశ్శబ్దం, నెలలో పని అయిపోతుంది అనుకున్నాను. వీటిలో చలి ఒక్కటే నిజమైంది.

విశాఖ నుంచి పొద్దున్నే బయలుదేరే కిరండూల్ రైలెక్కాను. అరకుకి సుమారు నాలుగు గంటలు. అద్దాల పెట్టె గురించి అందరూ చెప్తారు గానీ, వీణ వెంట ఉన్నవాళ్ళకి మామూలు పెట్టెలో కిటికీ పక్క సీటే మేలు. ప్రతి సొరంగంలోనూ పెట్టె మొత్తం ఒకటే కేకలు. ఒడిలో వీణ పెట్టుకుని నేనూ రెండు కేకలు వేశాను.

మొదటి బస ఒక రిసార్టులో. పేరు చెప్పను. బుక్ చేసేటప్పుడు ‘ప్రశాంత వాతావరణం’ అన్నారు. నవంబర్ నుంచి జనవరి దాకా అరకుకి అసలు సీజన్ అని నాకు తట్టలేదు. వలిసె పూల పసుపు తోటల్లో ఫోటోలు దిగడానికి జనం బస్సుల్లో దిగుతారు. రాత్రి పదకొండు దాకా క్యాంప్ ఫైర్, సౌండ్ బాక్సులు. మేనేజర్‌ని అడిగితే "సీజన్ కదా మేడమ్, ఏం చేస్తాం" అన్నాడు. వేడినీళ్ళు పొద్దున ఒక గంటే. బొంగు చికెన్ మాత్రం రోడ్డు పక్కన తిన్నదే బాగుంది, రిసార్టులో ఇచ్చింది కుక్కర్‌లో వండి బొంగులో పోసినట్టుంది. నాలుగు రోజులకి ఖాళీ చేశాను. ముందే కట్టిన వారం డబ్బుల్లో ఒక్క రూపాయి వెనక్కి రాలేదు.

రెండోది అనంతగిరి వైపు ఒక కాఫీ రైతు ఇంటి పక్క గది. బతకడానికి ఇంతకంటే మంచి చోటు నేను చూడలేదు. సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు, వాటి కింద కాఫీ. ఎర్రగా పండిన కాయలు కోసి, గింజలు ఇంటి ముందే ఎండబెడతారు. పొద్దున చోడి (రాగి) అంబలి, రాత్రి కుంపటి. చార్జీ కూడా రిసార్టులో సగం లేదు. కానీ గదికి రేకుల కప్పు. తెల్లవార్లూ ఆకుల నుంచి మంచు రేకు మీద టప్ టప్‌మని పడుతుంది. చెవికి హాయిగానే ఉంటుంది, చిన్న చప్పుడు కూడా వదలని కండెన్సర్ మైకుకి మాత్రం అది రాళ్ళ వాన. గది నిండా బొంతలు కట్టాను. ఎర్తింగ్ సరిగా లేక సన్నగా బుయ్‌మనే హమ్ వస్తే, లాప్‌టాప్ చార్జర్ పీకేసి బ్యాటరీ మీద రికార్డు చేశాను. అంతా కుదిరిందనుకునేసరికి ఛత్తీస్‌గఢ్ బైలడిల్లా గనుల ఇనప ఖనిజంతో ఘాట్ దిగే గూడ్సు. రైలు నా చెవికి వినపడక ముందే హెడ్‌ఫోన్‌లో అడుగున గుర్రుమని మొదలయ్యేది. అది పోయేదాకా చేతులు ముడుచుకుని కూచోవడమే.

చలికి తీగలు బిగుసుకుని శ్రుతి పైకి పోతుంది. తెల్లవారుజామున వాయించిన టేకు (ఒక విడత రికార్డింగు), మధ్యాహ్నం ఎండలో వాయించిన టేకు అతకవు. అతికించబోయి రెండు రోజులు పాడుచేసుకున్నాను. ఇదైనా ఓర్చుకునేదాన్ని. డిసెంబర్ రెండో వారంలో రీతిగౌళ రాగం వాయిస్తుంటే మధ్యస్థాయిలో ఒక మెట్టు (తీగ కింద స్వరస్థానం చూపే కమ్మీ) జరజరమంది. చూస్తే మైనం చిట్లి మూడు మెట్లు కదులుతున్నాయి. వీణకి 24 మెట్లూ మైనం మీదే నిలబడతాయి. ఎండకి మెత్తబడితే జారతాయి, గట్టి చలికి పెళుసెక్కి వదిలేస్తాయి. పుస్తకంలో చదివిన ముక్కే, అరకు బయలుదేరేటప్పుడు గుర్తుకు రావద్దూ!

కారు మాట్లాడుకుని బొబ్బిలి దిగాను. పక్కనే గొల్లపల్లి, బొబ్బిలి వీణలు చేసే ఊరు. కుండ (శబ్దం పలికే గుండ్రటి భాగం), దండి (మెట్లుండే పొడుగు భాగం) అతుకు లేకుండా ఒకే పనస దుంగ నుంచి తొలిచే వీణ ఇక్కడి పేరు నిలబెట్టింది. నా వీణ చూసిన పెద్దాయన "మైనం పేలిపోనాది తల్లీ, దీన్ని కొండెక్కించీసినావేటి?" అని తిట్టినంత పనిచేశాడు. పాత మైనం మొత్తం తీసి, కొత్తది పరిచి, ఒక్కో మెట్టూ చెవితో సరిచూసుకుంటూ కూచోబెట్టాడు. అడిగిన కూలి చాలా తక్కువ. ఎక్కువిస్తే కొంత తిరిగిచ్చేశాడు.

ఇక కొండెక్కలేదు. అక్కడికి దగ్గర్లోనే పాత పెంకుటింట్లో ఒక గది అద్దెకి దొరికింది, నెలకి ఐదు వేలు. చూడ్డానికేమీ లేదు. కిటికీ లోంచి గడ్డివాము, గేదె. కానీ మూరెడు మందం మట్టి గోడలు, పైన అటక. లోపల చప్పట్లు కొడితే శబ్దం అక్కడికక్కడే ఆగింది. ధనుర్మాసం కాబట్టి తెల్లవారుజామున గుడి మైకు, తర్వాత హరిదాసు. పదకొండు నుంచి మూడు దాకా ఊరు ఊరంతా పొలంలో. ఆ నాలుగు గంటలే నా స్టూడియో. మూడు పాటలూ పదహారు రోజుల్లో అయ్యాయి. ఒక టేకులో గంగిరెద్దుల సన్నాయి దూరింది. విన్నవాళ్ళంతా ఉంచెయ్యమన్నారు. శ్రుతి కలవని సన్నాయిని నేనెలా ఉంచుతాను? మళ్ళీ వాయించాను.

నెట్ అన్ని చోట్లా అంతంతమాత్రమే. మిక్సింగ్‌కి ఫైళ్ళు పంపాలంటే బొబ్బిలిలో లాడ్జి గది ఒక పూట తీసుకోవాల్సి వచ్చింది. అరకులో అయితే ఆ మాట కూడా మర్చిపోవాలి, హార్డ్ డిస్కు ఎవరి చేతో కిందికి పంపుకోవడమే.

ఇంటామె జనవరి అద్దె తీసుకోలేదు. బదులుగా కనుమ సాయంత్రం అరుగు మీద కూచుని వాయించమంది. ఇరవై మంది దాకా వచ్చారు. కాంభోజి ఎత్తుకోగానే ఎదురింటి వాళ్ళు ట్రాక్టర్ స్టార్ట్ చేశారు. "ఆపరా, అమ్మ వాయిస్తన్నాది!" అని ఆమె అరిచిన అరుపుకి ట్రాక్టర్‌తో పాటు నేనూ ఆగిపోయాను.