సీసాలో వచ్చిన సర్పగంధ
సర్పగంధ అంటే వేర్లను మందుకు వాడే మొక్క. ల్యాబ్ నుంచి టిష్యూకల్చర్ (మొక్క చిన్న ముక్క నుంచి సీసాలో పెంచే పద్ధతి) సర్పగంధ మొక్కలు 20 తెప్పించుకున్నాను. సీసా మూత తీస్తే అన్నీ ఒకే ఎత్తు, ఆకుల మీద ఒక్క మచ్చ లేదు, తెల్లటి వేర్లు దారాల్లా అడుగున ఉన్న పోషకాల జెల్లీలోకి దిగి ఉన్నాయి. నాణ్యతకు వంక పెట్టలేను. కోపమొచ్చింది ఒక్కదానికే: ఎలా నాటాలో రాసిన కాగితం ముక్కయినా పెట్టలేదు. సీసాలోని తేమకు అలవాటుపడ్డ ఆకులకు పైన మైనపు పొర సరిగా ఉండదు, బయటి గాలి తగిలితే ఇట్టే వాడిపోతాయి. జెల్లీలో చక్కెర ఉంటుంది కాబట్టి వేర్లు కడగకపోతే బూజు పడుతుంది. ఇదంతా తెలిసేలోపు 6 మొక్కలు పోయాయి, ప్రాణం ఉసూరుమంది. మిగతావి గోరువెచ్చని నీళ్లలో కడిగి, కొబ్బరి పొట్టుతో చేసే కోకోపీట్‌లో నాటి, పాలిథిన్ కవర్ కప్పి, రోజూ కొంచెం కొంచెం తెరుస్తూ వచ్చాను. 3 వారాలకు కొత్త చిగుళ్లు వేశాయి. వేర్ల కోసం అడవిలో మొక్కనే పీకేస్తుంటే ఇలాంటివి ఎంతో అవసరం. మళ్లీ కొంటాను, ఆ కాగితం అడిగి మరీ.