బాకొలోర్‌లో తొమ్మిది వేకువ పూజలు

ఫిలిప్పీన్స్‌లో క్రిస్మస్ చూడాలనుకునే మనవాళ్లకు ముందుగా చెప్పేది ఒకటే. డిసెంబరు 24న దిగేలా ప్రయాణం పెట్టుకోకండి. అక్కడి పండుగ బలమంతా 16 నుంచి 24 వరకు తెల్లవారకముందే జరిగే తొమ్మిది పూజల్లో ఉంది. వాటిని సింబాంగ్ గాబి అంటారు. గుంటూరు నుంచి యువ మిషనరీగా వెళ్లి పంపాంగా ప్రావిన్స్‌లోని ఒక విచారణలో (పారిష్‌లో) పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పేదాన్ని కాబట్టి, ఆ తొమ్మిదింటికీ వెళ్లే భాగ్యం నాకు దక్కింది.

పొలం పనులకు వెళ్లే రైతుల కోసం స్పెయిన్ పాలన కాలంలో మొదలైన ఆనవాయితీ ఇది. చాలా గుళ్లలో మూడు, ఐదు గంటల మధ్య పూజ మొదలవుతుంది. ఆఫీసులకు వెళ్లేవాళ్లు, రాత్రి డ్యూటీ దిగినవాళ్లు, నిద్రపోతున్న పిల్లల్ని భుజాన వేసుకున్న తల్లులు అందరూ వస్తారు. క్రిస్మస్‌కు సిద్ధపడే ఆగమన కాలంలో మన దగ్గర గురువులకు ఊదా వస్త్రాలే కదా. మహిమ గీతాన్ని కూడా క్రిస్మస్ రాత్రి దాకా పాడం. ఈ వేకువ పూజలకు మాత్రం అక్కడ గురువులు తెల్లని వస్త్రాలు ధరిస్తారు, మహిమ గీతం కూడా పాడతారు. మొదటి రోజు ఆ చీకట్లో అంతమంది గొంతెత్తి పాడుతుంటే నాకు ఒళ్లు జలదరించింది.

ఒక్క గుడికే వెళ్లే వీలుంటే పంపాంగాలోనే ఉన్న బాకొలోర్‌లోని శాన్ గిలియెర్మో దేవాలయానికి వెళ్లండి. 1991లో పినతూబో అగ్నిపర్వతం బద్దలైంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి, వానలు పడినప్పుడల్లా కొండ మీది బూడిద, ఇసుక బురద వరదలా ఊళ్ల మీదికి వచ్చాయి. దాన్ని లాహర్ అంటారు. 1995 అక్టోబరు 1న వచ్చిన లాహర్ ఈ గుడిని సగం ఎత్తు వరకు పూడ్చేసింది. జనం గుడిని వదులుకోలేదు. కూరుకుపోయిన బలిపీఠపు చెక్కడాలను తవ్వి తీసి, కొత్త నేల మట్టానికి ఎత్తి నిలబెట్టారు. ఒకప్పటి కిటికీలే ఇప్పుడు ద్వారాలు. ఆ కిటికీలోంచి లోపలికి నడుస్తుంటే, మన కాళ్ల కింద పాత గుడి సగం ఉందన్న సంగతి ఒక్క క్షణం కూడా మరపు రాదు. మనీలాలో ప్రపంచ వారసత్వ గుర్తింపు పొందిన సాన్ అగస్తిన్ దేవాలయమూ చూశాను. అది అందమైనదే, 1607లో పూర్తయింది. అయినా నా మనసు బాకొలోర్ దగ్గరే ఉంది.

పూజ అయ్యాక గుడి బయట పొయ్యిలు రాజుకుంటాయి. బిబింగ్కా అనే బియ్యప్పిండి రొట్టెను అరటాకు పరిచిన మట్టి మూకుడులో పోసి, కిందా పైనా నిప్పులు పెట్టి కాలుస్తారు. మన దిబ్బరొట్టెను పాతకాలంలో కాల్చినట్టే. ఊదారంగు పిండిని వెదురు గొట్టాల్లో ఆవిరికి ఉడికించి, కొబ్బరికోరు, బెల్లం లాంటి ముడి పంచదార చల్లి ఇచ్చేది పుతో బుంబోంగ్. తోడుగా వేడి అల్లం కషాయం. ఇవే పదార్థాలు మాల్స్‌లోనూ దొరుకుతాయి కానీ చల్లారి, గట్టిపడి ఉంటాయి. గుడి ముందే తినండి.

బస విషయంలో నేను మూడు రకాలూ చూశాను. విచారణ గృహంలో గది శుభ్రంగా ఉంటుంది, ఫ్యాను తిరుగుతుంది, పూజకు నిద్ర లేపడానికి ఎవరూ అక్కర్లేదు. గుడి మైకులో పాటలు ముందే మోగుతాయి. పంపాంగా ముఖ్యపట్టణం శాన్ ఫెర్నాండోలో పండుగ వారం తీసుకున్న లాడ్జి గదికి మామూలు కంటే బాగా ఎక్కువ అడిగారు, నీళ్లు సరిగా రాలేదు. అన్నింటికన్నా మేలు సంఘస్థుల ఇల్లే. నన్ను ఉంచుకున్న రిటైరైన టీచరమ్మ రోజూ పూజకు నాతోపాటు నడిచేవారు. పెద్దల చేతిని తీసుకుని నుదుటికి ఆనించుకోవడం అక్కడి మర్యాద. ఆవిడకు అలా చేసిన రోజు నుంచి నన్ను మనవరాలినని పరిచయం చేసేవారు. యువ మిషనరీలు హోటల్ వైపు చూడకుండా, ముందే ఫాదర్‌గారికి రాసి ఇలాంటి ఇల్లు అడగడం మంచిది.

శాన్ ఫెర్నాండో పెద్ద లాంతర్ల పోటీ క్రిస్మస్‌కు ముందు డిసెంబరులో ఒక శనివారం జరుగుతుంది. దాదాపు ఇరవై అడుగుల నక్షత్రాలు, వేలకొద్దీ బల్బులు, బ్యాండు పాటకు తగ్గట్టు రంగులు మారుతుంటాయి. ఏంజెలెస్‌లో వైద్యం చదువుతున్న మన తెలుగు పిల్లలతో కలిసి వెళ్లాను. జనంలో ముందుకు కదలడానికే గంటలు పట్టింది. తిరుగు ప్రయాణానికి జీప్నీ (జీపు లాంటి చిన్న బస్సు) దొరకడం అంతకంటే కష్టమైంది. అయినా వెళ్లాలి. వీలైతే ఆ వారంలోనే పగటిపూట లాంతర్లు తయారుచేసే షెడ్డు ఒకటి చూడండి. పెద్ద ఇనుప డ్రమ్ములు తిప్పుతూ, వాటి మీద ఆనే పిన్నుల ద్వారా ఏ బల్బు ఎప్పుడు వెలగాలో చేత్తో నడిపిస్తారు. ఆ పనివాళ్లు ఓపికగా విప్పి చూపించారు. పోటీ రాత్రి దూరంనుంచి చూసినదానికంటే నాకు అదే ఎక్కువ నచ్చింది.

24 సాయంత్రం దాటితే బస్సులు, ట్రైసికిళ్లు (పక్కన సీటు తగిలించిన మోటారు సైకిళ్లు) పలచబడతాయి. చీకటి పడేలోపు బసకు చేరండి. అర్ధరాత్రి పూజ తర్వాత ప్రతి ఇంటా నోచె బుయెనా విందు: హ్యాము, ఉండ చీజు, నూడుల్స్. మనకంటే రెండున్నర గంటలు ముందు కాబట్టి, అక్కడ అర్ధరాత్రి దాటాక ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ ఇంకా పూజకు బయలుదేరుతూ ఉంది. మాట్లాడుతుంటే గొంతు పూడుకుపోయింది. టీచరమ్మ ఫోన్ అందుకుని తనకొచ్చిన ఇంగ్లీషులో అమ్మతో చాలాసేపు మాట్లాడారు.

25 ఉదయం పిల్లలు జ్ఞాన తల్లిదండ్రుల ఇళ్లకు కొత్త నోట్ల కోసం పరుగెడతారు. మేము మాత్రం లాహర్ తర్వాత కట్టిన పునరావాస కాలనీల్లో మంచం పట్టిన వృద్ధులకు పూజలో ఇచ్చే దివ్యసత్ప్రసాదం తీసుకెళ్లాం. ఒక్కో ఇంట్లో అన్నం తినక తప్పలేదు. మిషనరీగా వెళ్లేవారు ఆ రోజు ఊళ్లు చూసే ఆలోచన పెట్టుకోకుండా, ఫాదర్‌గారిని అడిగి ఈ పనికి పేరు ఇవ్వండి. మనీలా చూడటానికి 27 తర్వాత రోజులు సరిపోతాయి. లాస్ పిన్యాస్‌లో 1824లో పూర్తయిన వెదురు ఆర్గన్‌కు, ఇంట్రామురోస్ కోట వీధులకు ఒక్కో పూట చాలు.