వెదురు విల్లా, కార్బన్ రికర్వా?

ఒడిశాలో రాయగడ, గుణుపూర్ వైపు మన పిల్లలు వెదురు విల్లుతో గ్రౌండ్‌లోకి వస్తే, ఖరీదైన రికర్వ్ (కొసలు ముందుకి వంగి ఉండే ఒలింపిక్ విల్లు) ఉన్నవాళ్లు కొందరు చూసే చిన్నచూపుకి నాకు ఒళ్లు మండిపోతుంది.

70 మీటర్ల ఒలింపిక్ గురికి రికర్వే కావాలి, అందులో వాదన లేదు. గురి చూసుకునే సైటు, విల్లు ఊగకుండా ఆపే స్టెబిలైజర్, తాడు పూర్తిగా లాగామని టక్కుమని చెప్పే క్లిక్కర్, అన్నీ ఉంటాయి. మంచి సెట్టు ధర లక్షల్లోకి పోతుంది.

వెదురు విల్లుకి ఇవేవీ ఉండవు. తాడు ప్రతిసారీ గడ్డం కింద ఒకేచోట ఆనాలి, వేళ్లు మూడూ ఒక్కసారే వదలాలి, ఎడమచెయ్యి కాస్త కుంగినా బాణం కిందికి పోతుంది, అంటే తప్పు అక్కడికక్కడే బయటపడుతుంది, నేర్చుకునేవాళ్లకి ఇంతకంటే ఏం కావాలి? మన దేశంలో ఇండియన్ రౌండ్ పోటీలు జరిగేది దీంతోనే, 50, 30 మీటర్లలో. లింబారామ్, దీపికా కుమారి మొదలుపెట్టిందీ వెదురుతోనే, ఇద్దరూ ఒలింపిక్స్‌కి వెళ్లారు.

పైగా ఎంత ఖరీదైన విల్లయినా, దాని బలానికి నప్పని బాణాలు వేస్తే ఒక్కచోట పడవు. అందుకే కొత్తవాళ్లకి నేను వెదురే ఇస్తాను, చేతిలో డబ్బుంటే ముందు సరైన బాణాలు కొనమంటాను, ఫామ్, అంటే నిలబడి లాగి వదిలే తీరు, కుదిరి 70 మీటర్లకి వెళ్లాలనుకున్నప్పుడు రికర్వ్.